నైట్లని పడవెక్కించండి, చుక్కాని మాత్రం ఇవ్వకండి

టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కో ప్లేయర్ ఒక్కో క్యారెక్టర్‌గా మారి, డైస్ వేస్తూ కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటలుంటాయి కదా, వాటిలో ఆర్థర్ రాజు కాలం నాటి నైట్ల కథలు ఆడించే గేమ్‌మాస్టర్లలో చాలామందికి సముద్రం అంటే ఎందుకో ఒళ్లు బరువు. అవతలి ఒడ్డుకి దండు కట్టి వెళ్లాల్సి వస్తే "ఓడెక్కారు, మూడో రోజుకి దిగారు, గుర్రాలు క్షేమం" అని ఒక్క ముక్కలో తేల్చేసి మళ్లీ నేల మీద పడతారు. తప్పు పట్టలేం. నైట్ అంటేనే గుర్రం, బల్లెం, ఇనప కవచం, కింద ఒక మేనర్ (తన ఏలుబడిలోని పల్లె, పొలాలు), పైన ఒక ప్రభువు. పడవెక్కగానే గుర్రం లేదు, బల్లెం దేనికీ పనికిరాదు, కవచంతో నీళ్లలో పడితే నేరుగా అడుక్కే, ప్రభువు ఆజ్ఞ అలల చప్పుడులో ఎవరికీ వినపడదు. ఇన్ని తీసేశాక అతని దగ్గర ఇంకేం మిగులుతుంది? ఆ మిగిలేది ఏంటో చూడటానికే పడవెక్కించాలి అంటాను నేను. సముద్రం మీద ఆడాల్సింది ఓడ నడపడం గురించి కాదు, మనిషి స్వభావం గురించి. పాత ఐరిష్, వెల్ష్ సముద్ర కథలు చెప్పేది కూడా అదే.

నేను ఆడించేది పెండ్రాగన్. గ్రెగ్ స్టాఫర్డ్ తయారుచేసిన ఆట, మొదట 1985లో వచ్చింది. ఎప్పుడూ ఆడనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ప్రతి క్యారెక్టర్‌కీ పదమూడు జతల గుణాలు ఉంటాయి: క్షమ–పగ, ఔదార్యం–స్వార్థం, వినయం–గర్వం, నమ్మకం–అనుమానం, ఇలా. ఒక్కో జత మొత్తం 20. పగ 13 ఉందంటే క్షమ 7 మాత్రమే. ఇరవై ముఖాల డైస్ వేస్తే ఆ అంకె గానీ అంతకన్నా తక్కువ గానీ పడాలి. ఏదైనా గుణం 16కి చేరిందంటే ఇక అది నలుగురికీ తెలిసిన గుణం, కీలకమైన చోట "నేను అలా చేయను" అని ప్లేయర్ అన్నా చెల్లదు, ముందు డైస్ వేయాల్సిందే. నేల మీద ఆడేటప్పుడు ఈ గుణాలు కత్తియుద్ధాల మధ్య అప్పుడప్పుడూ బయటికొస్తాయి. పడవలో అయితే అవి తప్ప ఇంకేం ఉండవు కాబట్టి ఆట మొత్తం వాటి మీదే నడుస్తుంది.

నైట్ల కథలకీ సముద్రానికీ సంబంధం లేదనేవాళ్లు ఆ కథల్ని మళ్లీ ఒకసారి తిరగేయాలి. విషం ఎక్కిన గాయం కుళ్లి, కంపుకి ఎవరూ దగ్గరికి రాని స్థితిలో ట్రిస్టన్ హార్ప్ పట్టుకుని ఒక్కడే పడవలో పడుకుని సముద్రానికి తనని తాను వదిలేసుకుంటాడు, ఆ పడవ వెళ్లి తగిలేది తనని చంపాలని చూస్తున్న ఐర్లండ్ ఒడ్డుకే. 1485లో అచ్చయిన మాలరీ ఆర్థర్ కథల గ్రంథంలో అయితే ఆర్థరే మే ఒకటిన పుట్టిన పెద్దింటి పసిపిల్లల్నందరినీ ఓడలో పెట్టించి నీళ్ల పాలు చేస్తాడు. ఓడ పగిలిపోతుంది, బతికి ఒడ్డున పడేది, చివరికి ఆర్థర్‌ని దెబ్బతీసే మోర్‌డ్రెడ్. గ్రెయిల్ అనే పవిత్ర పాత్ర వెతుకులాటలో గలహాద్, పెర్సివల్, బోర్స్ ఎక్కే సోలొమన్ ఓడకి నావికుడే లేడు. పైగా నమ్మకం లేనివాడు ఎక్కకూడదని ముందే రాసిపెట్టి ఉంటుంది. వీటన్నిటిలోనూ ఓడ ఎటు వెళ్లాలో ఎక్కినవాడు నిర్ణయించడు, గమనించారా?

అన్నిటికన్నా నాకు నచ్చిన లంకె ఇంకొకటుంది. 1150 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ రాసిన మెర్లిన్ కావ్యంలో, గాయపడిన ఆర్థర్‌ని మోర్గన్ అనే మంత్రగత్తె ఉండే దీవికి చేర్చే ఓడ నడిపేవాడి పేరు బరింథస్. నీళ్లూ నక్షత్రాలూ తెలిసినవాడు అంటాడు. అంతకు చాలా ముందే లాటిన్‌లో రాసిన ఐరిష్ సాధువు బ్రెండన్ సముద్రయాత్రలో కూడా ఒక బరింథస్ ఉన్నాడు, పడమటి దీవి గురించి బ్రెండన్‌కి మొదట చెప్పేది అతనే. ఇద్దరూ ఒకరేనా అనేది పండితులు తేల్చుకోనీ, మన టేబుల్ దగ్గర ఒకరే. క్యాంపెయిన్ (సెషన్ తర్వాత సెషన్‌గా సాగే పెద్ద కథ) మొదట్లో ఏదో మఠంలో కనిపించి దీవి కథ చెప్పి వెళ్లిపోయిన ముసలాయన, చివరి యుద్ధం అయ్యాక ఓడతో వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకు మీరు చేయాల్సిందల్లా ఆ పేరు మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి వదలడమే.

ఇక ఆడించడం సంగతి. సముద్రం అనగానే గళ్లు గీసిన మ్యాప్ తీసి, రోజుకి ఇన్ని గళ్లు, గాలి ఎటు, తుఫానుకి ఎంత అని టేబుల్స్ తయారు చేస్తారే, అది వ్యాపారుల ఆటకీ దొంగ ఓడల ఆటకీ బాగుంటుంది. ఇక్కడ మాత్రం పనికిరాదు. ఆ కాలపు కథల్లో జనం సముద్రం ఎక్కేది ఎక్కడికో చేరడానికి కాదు, తమని తాము వదులుకోవడానికి. 891లో ముగ్గురు ఐరిష్‌వాళ్లు తెడ్లు లేని పడవలో వచ్చి కార్న్‌వాల్ ఒడ్డున పడి ఆల్‌ఫ్రెడ్ రాజు దగ్గరికి వెళ్లారని ఆంగ్లో-శాక్సన్ క్రానికల్‌లో ఉంది. రెండున్నర తోళ్లతో కుట్టిన పడవ, వారానికి సరిపడా తిండి. ఎందుకొచ్చారంటే దేవుడి కోసం దేశం వదిలేయాలనుకున్నారు, ఎక్కడికన్నది పట్టించుకోలేదు. ఇది కథ కాదు, ఆ యేటి సంగతుల్లో ఒకటిగా రాసుకున్నది.

దీనికే ఇంకో ముఖం శిక్ష. పాట్రిక్ సాధువు చరిత్రలో మక్కిల్ అని ఒక దారిదోపిడీ దొంగ ఉంటాడు. సాధువుని మోసం చేయబోయి దొరికిపోతే, కాళ్లకి సంకెల వేసుకుని తాళంచెవి సముద్రంలో పారేసి, ఒకే తోలుతో చేసిన పడవలో చుక్కానీ తెడ్డూ లేకుండా ఎక్కమంటాడు పాట్రిక్. గాలి తీసుకెళ్లి మాన్ దీవిలో పడేస్తుంది, ఆ దొంగే తర్వాత అక్కడ బిషప్ అవుతాడు. మీ ప్లేయర్లలో ఎవరైనా ఘోరమైన పని చేసి, ఉరి తీస్తే క్యారెక్టర్ పోతుంది, వదిలేస్తే ప్రపంచానికే అర్థం పోతుంది అనే చోట ఇరుక్కున్నారా? ఇదిగో తీర్పు. రాజుగారు చంపడు, సముద్రాన్ని అడుగుతాడు.

అందుకే నా టేబుల్ దగ్గర దారికి పడవ నడిపే స్కిల్ అడగను. మునుగుతామా తేలతామా అనే దానికి మాత్రం అడుగుతాను, అదీ ఎప్పుడో తుఫానులో. దిక్కు గాలివాటమే. కాకపోతే ఆ గాలి ఎవరిదో నేను ముందే అనుకుని ఉంటాను: పడవలో ఉన్నవాళ్లందరి గుణాల్లోనూ ఏ అంకె అన్నిటికన్నా పెద్దదో, ఆ గుణానికి ఎదురు నిలిచే దీవి ముందు వస్తుంది. గర్వం 18 ఉన్నవాడు పడవలో ఉంటే మొదటి దీవిలో అతని పేరు ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరికీ ఉండదు. ఈ సంగతి ప్లేయర్లకి చెప్పను. రెండు మూడు దీవులు దాటాక వాళ్లే కనిపెడతారు. అప్పుడు "ఇదంతా నీ వల్లేరా" అని ఒకళ్ల మీద ఒకళ్లు పడటం మొదలవుతుంది చూడండి, పడవలో జరగాల్సిన అసలు ఆట అదే. దిగిపోవడానికి చోటు లేదు, గుర్రమెక్కి విసురుగా వెళ్లిపోవడానికి లేదు.

కథల్లో ఒక్కటే వాడుకోవాలంటే మాయిల్ దూన్ ప్రయాణం అనే పాత ఐరిష్ కథ వాడుకోండి. ఎందుకంటే అది మొదలయ్యేదే నైట్ల ఆటలో ప్రతి రెండో క్యారెక్టర్ మొదలయ్యేచోట: నాన్నని చంపినవాళ్ల మీద పగ. దాడికొచ్చిన ముఠా చేతిలో తండ్రి చచ్చిపోయాడని పెద్దయ్యాక తెలిసి, పడవ కట్టించుకుని బయల్దేరతాడు. మంత్రగాడు పడవలో పదిహేడు మందే ఉండాలంటాడు. తీరా ఒడ్డు వదిలాక, పెంచిన తల్లి కొడుకులు ముగ్గురు మేమూ వస్తామని నీళ్లలో దూకి ఈదుకుంటూ వస్తారు, వాళ్లని వదిలేయలేక ఎక్కించుకుంటాడు. ఆ తర్వాత హంతకులున్న దీవి దగ్గరికి వెళ్తారు, లోపల వాళ్లు తాగి ఆ హత్య గురించి గొప్పలు చెప్పుకోవడం బయటికి వినపడుతుంది కూడా. సరిగ్గా అప్పుడు గాలి లేచి పడవని సముద్రంలోకి ఈడ్చుకుపోతుంది. ఇక ఆ తర్వాత కథంతా దీవి తర్వాత దీవి. గుర్రప్పిల్లలంత చీమలు, కంచు కంచెకి అటు వేస్తే నల్లగా ఇటు వేస్తే తెల్లగా మారిపోయే గొర్రెలు, నిప్పు బాణంలా మనిషిలోంచి దూసుకుపోయే పిల్లి. చివర్లో ఒక సన్యాసి చెప్తాడు: ఇంటికి చేరతారు, దారిలో నీ తండ్రిని చంపినవాడు కనపడతాడు, దేవుడు నిన్ను ఇన్ని గండాల నుంచి కాపాడాడు కాబట్టి వాణ్ని చంపకు. అలాగే చేస్తాడు. మొదట తప్పిపోయిన ఆ దీవికే తిరిగొస్తాడు, ఈసారి లోపలికెళ్లి కూర్చుంటాడు.

ఇక్కడ ఆట రూల్స్‌లో ఒక తమాషా ఉంది. పెండ్రాగన్‌లో ఆదర్శ నైట్ అనిపించుకుని ఏటా అదనపు గ్లోరీ (కీర్తి పాయింట్లు) తెచ్చుకోవాలంటే ఆరు గుణాల మొత్తం కనీసం 80 ఉండాలి: చురుకుదనం, ఔదార్యం, న్యాయం, దయ, వినయం, ధైర్యం. ఈ జాబితాలో క్షమ లేదు! దయ ఉంది, ఓడిపోయినవాణ్ని చంపకుండా వదిలేయడం వరకూ. కానీ పగ మర్చిపోవడం నైట్ లెక్కలోకి రాదు. కాబట్టి నేల మీద ఏళ్ల తరబడి ఆడిన ప్లేయర్ అన్నీ పెంచుకుంటాడు, క్షమ మాత్రం 6 దగ్గరో 7 దగ్గరో పడి ఉంటుంది, దాని అవసరమే రాదు. పడవలో దాని అవసరం రోజూ వస్తుంది. లోకం మెచ్చిన నైట్ సముద్రం మీద ఎందుకూ కొరగాని మనిషిగా తేలడం, మూలన కూర్చునే సాదాసీదా స్క్వయిర్ (నైట్ వెంట ఉండే కుర్రాడు) దారి చూపించడం నేను కావాలని పెట్టింది కాదు, ఆ అంకెల్లోంచే వస్తుంది.

మాయిల్ దూన్ కథలోనే తిరగలి మిల్లు దీవి ఒకటుంది. వికారంగా ఉన్న మిల్లువాడు, లెక్కలేనన్ని మూటలు మోసుకొచ్చే మనుషులు, గుర్రాలు. ఏం పిండి పడుతున్నావంటే, మీ దేశంలో జనం మనసొప్పక ఇచ్చిందీ, ఇవ్వడానికి ఏడ్చిందీ అంతా ఇక్కడికే వస్తుందంటాడు. దీన్ని నేను ఉన్నదున్నట్టు వాడాను. మా టేబుల్ దగ్గర ఒక నైట్‌కి ఔదార్యం 15. ఆట కాలంలో చాలా ఏళ్ల కింద ప్రభువు కొడుకు పెళ్లిలో తన యుద్ధాశ్వాన్ని బహుమతిగా ఇచ్చాడు, ఇచ్చేటప్పుడు ఆ ప్లేయర్ నిట్టూర్చిన నిట్టూర్పు ఇప్పటికీ మాకు గుర్తే. గ్లోరీ వచ్చింది, ఔదార్యం పెరిగింది, అందరూ మర్చిపోయారు. నేను మాత్రం నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మిల్లు ముందు వరసలో మూటల మధ్య ఆ గుర్రం నిలబడి ఉందని చెప్పాను. ముందర ఎడమ కాలికి తెల్ల మచ్చ, చెవి దగ్గర పాత గాయం. అది ఇతన్ని చూసి చెవులు నిక్కించింది.

"నేను ఇచ్చేశాను కదా" అన్నాడు ప్లేయర్, క్యారెక్టర్ గొంతుతో కాదు, తన సొంత గొంతుతోనే. "ఇచ్చావు, సగం. మిగతా సగమే ఇది" అన్నాడు మిల్లువాడు. ఔదార్యానికి డైస్ వేయమన్నాను. 17. పోయింది. రూల్ ప్రకారం వెంటనే స్వార్థానికి వేయాలి, అది 5 మాత్రమే, పడే అవకాశం తక్కువ. 3 పడింది. ఇక అతని చేతిలో లేదు, పరిగెత్తుకెళ్లి కళ్లెం పట్టుకున్నాడు, ఇద్దరు పట్టి లాగినా వదల్లేదు. కళ్లెం చేతిలో మిగిలింది, గుర్రం తిరగలి కిందకి నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ గుర్రాన్ని అసలు ఇంట్లోనే ఉంచుకుని ఉంటే స్వార్థం కింద ఒక చెక్ మార్క్‌తో (ఆ గుణం పెరగొచ్చని పెట్టే టిక్కు) పోయేది. టేబుల్ కొసన ఇంకో ప్లేయర్ చప్పుడు చేయకుండా తన పాత షీట్లు (క్యారెక్టర్ వివరాలు రాసుకునే కాగితాలు) తిరగేయడం మొదలుపెట్టాడు, తను ఎప్పుడెప్పుడు ఏమేం ఇచ్చాడో చూసుకోవడానికి. నాకు ఆ సెషన్‌లో అన్నిటికన్నా తృప్తి కలిగించింది అదే.

ఇదే ప్రశ్నని ఇంకో పక్క నుంచి అడిగే దీవి బ్రెండన్ కథలో ఉంది. సముద్రం మధ్య బండ మీద, క్రీస్తుని పట్టించిన జుడాస్ కూర్చుని ఉంటాడు, అలలు మీద పడుతుంటాయి, ఎదురుగా వేలాడే గుడ్డ గాలికి మొహాన కొడుతుంటుంది. ఆదివారాలూ పండగలూ మాత్రం నరకం నుంచి అతనికి దొరికే సెలవు అది. ఆ గుడ్డ ఒకప్పుడు ఒక కుష్ఠురోగికి అతనే ఇచ్చాడు. కానీ తన డబ్బుతో కొన్నది కాదు కాబట్టి ఇప్పుడది ఊరట ఇవ్వదు, తగులుతుంది. దోచుకొచ్చిన సొమ్ములోంచి భిక్షం వేసి ఔదార్యం పెంచుకునే ప్లేయర్లు మీ టేబుల్ దగ్గర ఉంటే (ఉంటారు) వేరే ఉపన్యాసం అక్కర్లేదు, ఆ బండ పక్కగా పడవ పోనివ్వండి చాలు.

అదనపు ముగ్గురి గురించి కూడా చెప్పాలి. మాయిల్ దూన్ కథలో ఈదుకుంటూ వచ్చినవాళ్లు ముగ్గురు, బ్రెండన్ కథలో ఆఖరి నిమిషంలో వచ్చి మమ్మల్నీ తీసుకెళ్లమన్న సన్యాసులు ముగ్గురు. ఆ ఆరుగురిలో ఒక్కరూ ఇంటికి చేరరు. ఒకణ్ని పిల్లి బూడిద చేస్తుంది, ఒకడు ఏడ్చే దీవిలో కాలు పెట్టి ఏడుస్తూ ఉండిపోతాడు, ఒకడు నవ్వే దీవిలో. సన్యాసుల్లో ఒకడు వెండి కళ్లెం దొంగిలించి పశ్చాత్తాపంతో చనిపోతాడు, ఒకడు కీర్తనలు పాడే దీవిలో సంతోషంగా ఉండిపోతాడు, ఒకణ్ని నిప్పుకొండ దయ్యాలు లాక్కుపోతాయి. టేబుల్ దగ్గర ఇది బంగారం లాంటి పరికరం. ఇంతమందే రావాలని ముందు చెప్పండి. బావమరిదినీ స్క్వయిర్‌నీ ఎక్కించుకుంటామని ప్లేయర్లు తప్పకుండా అడుగుతారు. సరే అనండి. ఆ క్షణం నుంచి ప్రతి దీవిలోనూ వాళ్ల చూపు ఆ బావమరిది మీదే ఉంటుంది.

బ్రెండన్ యాత్ర గురించి మాట్లాడితే ఆయన అమెరికా చేరాడా లేదా అనే గొడవ వస్తుంది. 1976–77లో టిమ్ సెవరిన్ అనే సాహసయాత్రికుడు ఎద్దుతోళ్ల పడవ కట్టుకుని ఐర్లండ్ నుంచి ఫారో దీవులు, ఐస్‌లండ్ మీదుగా న్యూఫౌండ్‌లండ్ దాకా నిజంగానే వెళ్లాడు. అది చేయొచ్చని తేలింది, బ్రెండన్ చేశాడని కాదు. ఆటకి ఈ గొడవతో పనిలేదు. పనికొచ్చేది ఆ ప్రయాణం ఆకారం. అది ముందుకి సాగే గీత కాదు, గుండ్రం. ఏడేళ్ల పాటు ప్రతి యేడూ ఈస్టర్ ముందు గురువారానికి గొర్రెల దీవి, ఈస్టర్‌కి జాస్కోనియస్ అనే తిమింగలం వీపు, అక్కడి నుంచి పెంతెకొస్తు దాకా తెల్ల పక్షుల దీవి, క్రిస్మస్‌కి మాట్లాడని సన్యాసుల మఠం. ఏటా అవే చోట్లు, అవే పండగలు. మారేది పడవలో ఉన్నవాళ్లు.

పెండ్రాగన్ ఆడేవాళ్లకి ఇక్కడ వెంటనే వెలగాలి. ఈ ఆటలో సాధారణంగా ఏడాదికి ఒక సాహసం, ఆ తర్వాత వింటర్ ఫేజ్: వయసు, పెళ్లి, పిల్లలు, గుర్రాలు బతికాయా చచ్చాయా, పంట ఎంత. అంటే సముద్రయాత్రని ఒకే బిగిన ఆడించి తీరాలని లేదు, ఏడాదికొక సెషన్ చొప్పున ఏడు వసంతాలు అవే దీవులకి తీసుకెళ్లొచ్చు. కథలో మొదటిసారి తిమింగలాన్ని దీవి అనుకుని వంట చేయడానికి నిప్పు రాజేస్తారు, అది కదిలేసరికి కుండ అక్కడే వదిలేసి పడవలోకి పరిగెడతారు. మరుసటి ఏడాది వెళ్తే కుండ దాని వీపు మీదే ఉంటుంది. ఇంతకన్నా చక్కటి ఏర్పాటు గేమ్‌మాస్టర్‌కి ఏం కావాలి? పోయినేడు ఏ దీవిలో ఏం వదిలేసి పారిపోయారో రాసిపెట్టుకోండి, అది కుండైనా స్నేహితుడైనా ఇచ్చిన మాటైనా, ఈ ఏడు అది అక్కడే ఉంటుంది. ఇంకో కలిసొచ్చే సంగతి, బ్రెండన్ పుట్టింది 484 ప్రాంతం, పోయింది 577 ప్రాంతం అని సంప్రదాయం చెప్తుంది. పెండ్రాగన్‌కి రాసిన పెద్ద క్యాంపెయిన్ మొదలయ్యేది 485లో. మీ నైట్ల వయసూ ఆయన వయసూ పక్కపక్కనే నడుస్తాయి.

పడవ గురించి వివరాలు మాత్రం తగ్గించకండి. తోలు కట్టిన పుట్టి అనుకోండి, కాకపోతే గుండ్రంగా కాకుండా పొడుగ్గా, తెరచాపతో. సన్నటి కర్ర చట్రం మీద ఓక్ బెరడుతో పదును చేసిన ఎద్దు తోళ్లు, అతుకుల మీద కొవ్వు. బ్రెండన్ నలభై రోజుల తిండితో పాటు తోళ్లకి పట్టించడానికి కొవ్వు కూడా ఎక్కించుకుంటాడు. ఆ కొవ్వుతో నేను ఒక మంచి తంటా పెట్టాను: తిండి అయిపోయిన రోజున కొవ్వు డబ్బా ఇంకా నిండుగా ఉంది. తింటే పడవ కారుతుంది, తినకపోతే మనుషులు పడిపోతారు. నిగ్రహానికి డైస్ వేయమంటే ఎవరూ కిక్కురుమనలేదు. వర్షానికి తడిసిన తోలు కంపు, అల వచ్చినప్పుడల్లా పాము వీపులా మెలి తిరిగే అడుగు, బట్టలో చుట్టి కాళ్ల కింద పెట్టుకున్నా తుప్పు పడుతున్న గొలుసు కవచం, రోజుకి రెండు వాక్యాలు ఇవి చెప్పండి చాలు.

ఇక అసలు దెబ్బ బ్రాన్ అనే ఇంకో పాత ఐరిష్ కథది. వెండి కొమ్మ పట్టుకొచ్చిన స్త్రీ పాటకి బ్రాన్ మనుషుల్ని వెంటేసుకుని వెళ్తాడు. దారిలో సముద్ర దేవుడు మనన్నాన్ సముద్రం మీద రథం తోలుకుంటూ ఎదురొచ్చి, నీకు నీళ్లు కనపడేచోట నాకు పూలతోట అంటాడు. స్త్రీల దీవిలో ఒక ఏడాది ఉన్నామనుకుంటారు. నెఖ్తాన్ అనేవాడికి ఇంటి బెంగ పట్టి తిరిగొస్తే, ఒడ్డున జనం "బ్రాన్ అంటే తెలీదు, పాత కథల్లో మాత్రం ఆ పేరు విన్నాం" అంటారు. ఆగలేక నెఖ్తాన్ నేల మీదికి దూకుతాడు, ఎన్ని వందల ఏళ్ల కిందటో చచ్చినవాడిలా అక్కడికక్కడే బూడిద అవుతాడు. బ్రాన్ పడవలోంచే తన కథ చెప్పి, పడవ తిప్పుకుని వెళ్లిపోతాడు.

ఏళ్లు లెక్కపెట్టే ఆటలో ఇది భయపెట్టినట్టు ఇంకేదీ భయపెట్టదు. నేను వందల ఏళ్లు పెట్టను, ఇరవై చాలు. ఆ ఇరవై శీతాకాలాల డైస్ ప్లేయర్ చేతే వరసగా వేయిస్తాను: భార్య, పిల్లలు, గుర్రాలు, మేనర్. ఒక సాయంత్రం పడుతుంది, నవ్వుతూ మొదలుపెట్టినవాళ్లు మధ్యలో మాటలు తగ్గిస్తారు. ఆట వయసు లెక్క 35 నుంచి కోత మొదలుపెడుతుంది, కాబట్టి ముప్పైలో వెళ్లినవాడు నేల మీద కాలు పెడితే ఆ కోతలన్నీ ఒకేసారి పడతాయి. కాలు పెట్టకుండా ఉండే హక్కు మాత్రం అతనికి ఉంది. పడవలోనే నిలబడి, ఒడ్డున తన కత్తి కట్టుకుని నిలబడ్డ కొడుకుతో మాట్లాడొచ్చు. ఆ కొడుకుని ఎవరు ఆడతారు? అదే ప్లేయర్ అయితే కష్టం, అందుకే ఆ సీన్ వరకూ పక్క ప్లేయర్ చేతికి కొడుకు షీట్ ఇస్తాను. దిగితే ముసలివాడై తన మేనర్‌లోనే అతిథిలా బతకాలి, దిగకపోతే క్యారెక్టర్ నా చేతికి వచ్చేస్తుంది, పదేళ్ల తర్వాత ఏ పొగమంచులోనో కనపడొచ్చు.

ఉత్తరం వైపు వెళ్లాలనుకునేవాళ్లకి సరుకు వేరే ఉంది, గబగబా చెప్పేస్తాను. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో మసాలియా (నేటి మార్సెయ్) నుంచి వచ్చిన పిథియాస్, బ్రిటన్‌కి ఆరు రోజుల ఉత్తరాన థూలే అనే దీవి ఉందన్నాడు. 825లో డిక్విల్ అనే ఐరిష్ సన్యాసి, ముప్పై ఏళ్ల కిందట థూలేలో ఉండొచ్చిన సన్యాసుల మాటగా, వేసవిలో అక్కడ అర్ధరాత్రి కూడా చొక్కాలో పేలు ఏరుకోవచ్చని రాశాడు (ఇలాంటి ఒక్క మాటతో దీవి నిజమైపోతుంది). 1577లో మ్యాప్‌ల మెర్కేటర్ ఇంగ్లండ్ పండితుడు జాన్ డీకి రాసిన ఉత్తరంలో, ఆర్థర్ మనుషులు దాదాపు నాలుగు వేల మంది ఉత్తరాన లోపలికి లాగేసే సముద్రాల్లోకి వెళ్లి తిరిగి రాలేదని ఉంది, ధ్రువం దగ్గర నల్లటి అయస్కాంత కొండతో సహా. మధ్యలో పడమటి వైపు బ్రెండన్ దీవి కావాలంటే 1492 నాటి బెహైమ్ గ్లోబ్ మీద కూడా ఉంది. మడోక్ కథ మాత్రం వద్దు, 1170 ప్రాంతపు వెల్ష్ రాకుమారుడిది, కాలం అస్సలు అతకదు.

ప్రిద్వెన్ గురించి అడుగుతారని తెలుసు. ఆర్థర్ సొంత ఓడ. అన్నూన్ అనే లోకం మీదికి దండెత్తిన పాత వెల్ష్ పద్యంలో ముత్యాల అంచు కొప్పెర ఒకటుంది, తొమ్మిది మంది కన్యల ఊపిరితో మరుగుతుంది, పిరికివాడి తిండి అందులో ఉడకదు. గాజు కోట గోడ మీద ఆరు వేల మంది నిలబడి ఉంటారు, కాపలావాడితో మాట్లాడటమే కష్టం. మూడు ఓడల నిండా వెళ్లినవాళ్లలో తిరిగొచ్చింది ఏడుగురే అని పద్యం పదే పదే చెప్తుంది. దీనికి మీ ప్లేయర్ల అసలు క్యారెక్టర్లని పంపకండి, ఒక్క రాత్రిలో క్యాంపెయిన్ ఖాళీ అవుతుంది. వాళ్ల తమ్ముళ్లనీ, బాబాయిలనీ, అప్పులిచ్చినవాళ్లనీ పంపండి. ఒక్కొక్కరికి నాలుగేసి షీట్లు ఇచ్చి, పేర్లు మీరు పెట్టకుండా వాళ్ల చేతే పెట్టించండి. కొప్పెర దగ్గర ప్రతి ఒక్కరూ ధైర్యానికి వేయాలి. ఎవరు మిగిలారో చూసుకుని, ఆ ఏడు పేర్లూ మీ నోట్‌బుక్‌లో రాసుకుని, మరుసటి వారం మామూలు ఆటకి వచ్చేయండి. ఆ ఏడుగురిలో ఒకడు ఇక మీ నైట్ ఇంట్లో తింటూ ఉంటాడు, చలికాలపు ఖర్చులో ఒక మనిషి అదనం.